వెనక బెంచీల గ్రూపు

మొన్న శనివారం మా కోడలికి ఒళ్లు వెచ్చగా ఉండడంతో మనవరాలి స్కూల్లో తల్లిదండ్రుల సమావేశానికి నేనే వెళ్లవలసి వచ్చింది. ఆ టీచరమ్మకు నా కోడలి వయసు కూడా ఉండదు. నన్ను కూర్చోబెట్టి, మార్కుల కాగితం నా ముందుకు జరిపి, ఏదో బహుమతి చేతిలో పెడుతున్నదానిలా నవ్వి, "మీ పాప చాలా మంచిదండీ, క్లాసులో ఉందో లేదో కూడా తెలియదు" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉందో లేదో తెలియని పిల్ల మంచిపిల్ల ఎట్లా అయిందమ్మా, ఉన్నదని తెలుసుకోవలసిన దానివి నువ్వు కాదా అని అడిగేద్దామని నోటిదాకా వచ్చింది గాని, మనవరాలు నా కొంగు పట్టుకుని లాగడంతో ఊరుకుని, మా కావలి ఎండలో ఇంటిదాకా లోలోపల ఉడుక్కుంటూ నడిచి వచ్చాను.

నా ఈడు వాళ్లకు ఈ మాట కొత్త కాదు. నోట్లో వేలు పెడితే కొరకలేని పిల్ల అని మనకాలంలో పెళ్లిచూపుల్లో పొగిడేవారు. అది పొగడ్తా, శాపమా అని ఎవరూ ఆలోచించినట్టు లేదు. నా మటుకు నేను నోరున్న పిల్లనే. ఆ నోటికి తిన్న దెబ్బలు వేరే సంగతి. నా చెల్లెలు అట్లా కాదు. ఎలిమెంటరీ స్కూల్లో బయటికి వెళ్లొస్తానండీ అని అయ్యవారిని అడగలేక, బిగబట్టుకుని బిగబట్టుకుని, చివరికి కూర్చున్నచోటే తడుపుకుంది. పిల్లలంతా బెంచీలెక్కి చూశారు, అయ్యవారు కూడా నవ్వాడు. మరునాటినుంచి చెల్లెల్ని బడికి పంపడం మా అమ్మ వల్ల కాలేదు. ఈరోజుకీ అది బ్యాంకుకు పోతే తన పని చెప్పుకోలేక వెనక్కి వచ్చేస్తుంది. ఆ అయ్యవారిని నేనింతవరకూ క్షమించలేదు, ఇకమీద క్షమిస్తాననే నమ్మకమూ లేదు.

చదువుకుని నేనూ పంతులమ్మనే అయ్యాను. మా ప్రాంతంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని. ఆ కాలేజీకి ప్రిన్సిపాలు మా ఆయనకు స్వయానా అన్నగారు, అంటే నాకు బావగారు. నాకు ఆ ఉద్యోగం ఇప్పించింది ఆయనే, ఆ సంగతి ఆయన ఏ క్రిస్మస్‌కూ మరిచిపోయింది లేదు. చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, తెల్లచొక్కా మడత నలగని మనిషి, ఎవరితోనూ గొంతు పెంచని మనిషి. గొంతు పెంచకుండానే ఎదుటివాళ్ల గొంతు నొక్కడం ఎట్లాగో నేను ఆయన దగ్గరే చూశాను.

కరోనా వచ్చి కాలేజీలు మూసేసిన రోజుల్లో మేమంతా వంటింటి గోడకు ఫోను ఆనించుకుని పాఠాలు చెప్పాం గదా, అప్పుడు జరిగిందొక విచిత్రం. నేను మాట్లాడుతూంటే తెర పక్కన చిన్న పెట్టెలో అక్షరాలు రావడం మొదలైంది. క్లాసులో ఏనాడూ తలెత్తి చూడని పిల్లలు, హాజరు పిలిస్తే పక్కవాళ్లు పలికితే తప్ప ఉన్నట్టు తెలియని పిల్లలు, ఆ పెట్టెలో అడుగుతున్నారు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కుక్కి, తప్పులతో, తడబాటుతో, కాని అడుగుతున్నారు. దొరవారిసత్రం వైపు నుంచి వచ్చే ఒక కుర్రవాడు, కోటలో అంతమంది ఉండేవాళ్లు కదా, మరుగుదొడ్లు ఎక్కడ ఉండేవి అని అడిగాడు. నేను చెంగు అడ్డం పెట్టుకుని నవ్వి, తర్వాత ఆలోచిస్తే, ఇన్నేళ్లుగా కోటలు చెబుతూ నాకెప్పుడూ ఈ సందేహం రాలేదేమా అనిపించింది.

కాలేజీ మళ్లీ తెరిచారు. మూతులకు కట్టుకున్న మాస్కులు పోయాయి గాని మూతపడిన నోళ్లు అట్లాగే ఉన్నాయి. ముందు బెంచీలో నలుగురైదుగురు మగపిల్లలు చెప్పిందే చెప్పడం, మిగతా గదంతా చర్చిలో ప్రార్థన సమయంలా తలలు వంచుకోవడం. సరే, ఇంట్లో ఉండి అడిగినవాళ్లు ఇక్కడ మాత్రం ఎందుకు అడగరాదని, ఫోనులో క్లాసుకొక గ్రూపు తెరిచాను. పాఠం మధ్యలో కాసేపు ఆగుతాను, ఎవరికి ఏం తోస్తే అది అందులో రాయండి, పేరు చెప్పకుండా నేను చదువుతాను, జవాబు తెలిసినవాళ్లు జవాబు రాయండి, నవ్వినవాళ్లు బయటికి పోండి. నా చట్టమంతా అంతే.

మొదట్లో ఏమీ రాలేదు. పిల్లలు ఫోను ముందు పెట్టుకుని, దాన్నీ నన్నూ అనుమానంగా చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు యుద్ధాల పాఠం చెప్పి, ఫలానా రాజు గెలిచాడు, ఫలానా రాజు ఓడిపోయాడు అని ముగించి ఆగాను. నా బల్లమీద ఫోను గురగురమంది. చూస్తే, "మేడం, ఓడిపోయిన రాజు సైన్యం మర్నాడు ఏం చేస్తాది? ఇంటికి నడిచి పోతారా?" అని ఉంది. గట్టిగా చదివాను. వెనక బెంచీలనుంచి ప్రశ్నలు వరసగా రావడం మొదలుపెట్టాయి. జీతం ఇస్తారా? కాళ్లూ చేతులూ పోయినవాళ్లను ఎవరు మోస్తారు? గెలిచినవాళ్ల సైన్యంలో చేరిపోవచ్చా? బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. నా ఉద్యోగంలో అటువంటి గంట అంతకుముందు లేదు.

ఆ ప్రశ్న రాసింది బోగోలు అవతల సముద్రపు ఒడ్డు పల్లెనుంచి వచ్చే అమ్మాయి. కాలేజీలో చేరిన కొత్తలో అందరూ లేచి తమ గురించి చెప్పుకుంటూంటే ఈ పిల్లా లేచి, "మా నాయన ఏటకు పోతాడు మేడం" అంది. వాళ్ల వాడుకలో సముద్రంమీద చేపలకు పోవడమే వేట. ముందు బెంచీనుంచి ఒకడు, "పులి ఏటకా, సింహం ఏటకా?" అన్నాడు. గదంతా పగలబడి నవ్వింది. ఆ పిల్ల కూర్చుంది. ఆ కూర్చోవడం కూర్చోవడమే, ఏడాదిపైగా క్లాసులో దాని గొంతు ఎవరూ వినలేదు.

ఆ మాట అన్నవాడు మా బావగారి కొడుకే. ఇంట్లో నన్ను పిన్నీ అని, కాలేజీలో మేడం అని పిలిచేవాడు. తెలివైనవాడు కాదనను. కాని తన తెలివిని చూడడానికే దేవుడు మిగతావాళ్లకు కళ్లిచ్చాడనుకునేవాడు. వెనక బెంచీల ప్రశ్నలతో క్లాసు నిండిపోతూంటే వాడికి ఊపిరాడలేదు. ఒక ఉదయం నేను క్లాసుకు పోయేసరికి గ్రూపులో వాడి గొంతు రికార్డు ఉంది. ఆ అమ్మాయి యాసను సాగదీసి, ముక్కుతో పలుకుతూ, "మా నాయన ఏటకు పోతాడు మేడం, ఓడిపోయిన రాజును వల్లో ఏసి పట్టకొస్తాడు మేడం" అని. కింద వరసగా పళ్లికిలించే బొమ్మలు. ఆ పిల్ల బెంచీమీద తల వాల్చుకుని ఉంది.

నేను అందరూ చూస్తుండగానే వాణ్ని గ్రూపులోంచి తీసేశాను.

"ఏంది మేడం, జోకు గదా" అన్నాడు లేచి.

"నాకు నవ్వు రాలేదు నాయనా. బయటికి పో" అన్నాను.

వాడు పోతూ పోతూ తలుపు గోడకు కొట్టాడు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక, అలవాటు ప్రకారం బావగారింట్లో భోజనం. మా తోడికోడలు చేపల పులుసు అందరికీ వడ్డించి నా ముందు గిన్నె పెట్టేసి పోయింది. అప్పుడే నాకు తెలిసిపోయింది ఏమి రాబోతోందో. బావగారు చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంటూ, మెల్లగా మొదలుపెట్టారు.

"చూడమ్మా, మగపిల్లోడు ఏదో తమాషా చేసినాడు. దానికి పదిమందిలో పరువు తీస్తావా?"

"వాడు తీసింది ఎవరి పరువు బావగారూ?"

"ఎవురిదో పిల్ల కోసరం ఇంటి పిల్లోణ్ని గెంటినావు. నోరుండేవాళ్లు మాట్లాడతారు, లేనోళ్లు ఊరుకుంటారు. దేవుడు చేసినదాన్ని నువ్వు ఫోనుతో మారుస్తావా?"

మా ఆయన పళ్లెంలోంచి తల ఎత్తలేదు. చేప ముల్లు తీసుకోవడానికి ఒక మనిషికి అంత సేపు పడుతుందని నాకు ఆరోజే తెలిసింది.

సోమవారం నోటీసు వచ్చింది. క్లాసుల్లో ఫోనులు నిషేధం, అధ్యాపకులు విద్యార్థులతో గ్రూపులు నడపరాదు. స్టాఫు రూములో నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. నేను గ్రూపులో పరీక్ష ప్రశ్నలు ముందే చెప్పేస్తున్నానని ఒకరు, వయసు పిల్లలకు ఫోను చేతికిచ్చి చెడగొడుతున్నానని ఒకరు. నాతో కలిసి ఏళ్ల తరబడి ఒకే క్యారియరు పంచుకుని తిన్నవాళ్లే, ముఖం ముందు నవ్వి వెనక కత్తులు నూరారు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఎవరో పనిగట్టుకుని ఆ అమ్మాయి ఇంటికి కబురు చేశారు, మీ పిల్ల కాలేజీలో చదవడంలేదు, పొద్దస్తమానం మగపిల్లలతో ఫోనులో రాతలు రాస్తూంది అని. పిల్ల రావడం మానేసింది.

నేను వెళ్లాను. బోగోలు దాకా బస్సు, అక్కణ్నించి చేపల బుట్టల మధ్య ఇరుక్కుని షేరు ఆటో. ఇంటిముందు వలలు ఆరేసి ఉన్నాయి, అమ్మాయి తల్లి వాకిట్లో నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు.

"మీరేనా ఆ మేడం?" అంది. "చదువు చెప్పమని పంపిస్తే చేతికి ఫోనిచ్చినారంట. మా ఊళ్లో ఇప్పుడు ఏమనుకుంటా ఉండారో తెలుసునా మీకు?"

"అమ్మా, అది పాఠం గురించి—"

"పాఠం నోటితో అడగరాదా? దానికి నోరు లేదా?"

లోపల చీకట్లో ఆ పిల్ల నిలబడి ఉండడం కనిపిస్తూనే ఉంది. నేను ఆ తల్లితో ఎంతసేపు మాట్లాడానో, ఏం మాట్లాడానో అన్నీ గుర్తులేవు. నా చెల్లెలి సంగతి చెప్పానని మాత్రం గుర్తుంది. ఆ సంగతి మా ఆయనకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు, ఆ ఇసకలో నిలబడి ముక్కూ మొహం తెలియని మనిషికి చెప్పాను. ఆమె ఆరిన వల ఒకటి మడిచి పక్కన పెట్టి, "పంపిస్తా. ఫోను మాత్రం ఇయ్యను" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెను అట్లా భయపెట్టినవాళ్లమీదనే నా కోపమంతా.

పిల్ల మళ్లీ వచ్చింది. మళ్లీ ఆ మూల బెంచీ, మళ్లీ ఆ వంచిన తల. గ్రూపు లేదు, ప్రశ్న లేదు. ముందు బెంచీలో మా బావగారి కొడుకు హాయిగా కాళ్లు చాపుకుని కూర్చునేవాడు.

అంతలో కాలేజీలకు గ్రేడులిచ్చే కమిటీ వస్తూందన్నారు. గోడలకు సున్నాలు, చెట్లకు ఎర్రమన్ను పూతలు, కొళాయి లేని చోట కొళాయిలు. ఒకరోజు బావగారు నన్ను గదికి పిలిపించి, కుర్చీ చూపించి, కాఫీ తెప్పించారు. కొత్త పద్ధతుల్లో పాఠాలు చెబుతున్నట్టు కమిటీకి ఏదైనా చూపించాలట, నా గ్రూపు బాగుంటుందట, ఆ ఒక్కరోజుకు తెరవాలట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"ఆ తర్వాత?" అన్నాను.

"తర్వాత సంగతి తర్వాత. చూద్దాం."

ఆయన చూద్దాం అంటే ఏమిటో ఆ ఇంటికి కోడలిగా వెళ్లినదానికి నాకు తెలియదా? అయినా ఒప్పుకున్నాను. అందరి ముందూ ఒకసారి నడిస్తే ఆపడం కష్టమవుతుందేమోనని ఒక ఆశ. నా మాట నమ్మి పిల్లలు మళ్లీ రాస్తారని ఇంకొక ఆశ.

కమిటీలో ఇద్దరు మగవాళ్లు, ఒక పెద్దావిడ. వాళ్లు వెనక కుర్చీల్లో కూర్చున్నారు, బావగారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. నా ఫోనులోని గ్రూపు ప్రొజెక్టరుతో గోడమీద పెద్ద అక్షరాల్లో పడేట్టు ఏర్పాటు చేశారు. నేను పాఠం చెప్పి ఆగాను. గోడ ఖాళీగా ఉంది. ముందు బెంచీలోంచి, ముందే నేర్పిపెట్టిన ప్రశ్న ఒకటి వచ్చింది, దానికి నేర్పిపెట్టిన జవాబు ఒకటి వచ్చింది. బావగారు తల ఊపారు. వెనకనుంచి ఏమీ లేదు. ఎందుకు రాయాలి వాళ్లు? ఎవరి ముఖం చూసి రాయాలి?

అప్పుడు గోడమీద ఒక వాక్యం పడింది. "మేడం, వీళ్లు ఎల్లిపోయినాక ఈ గ్రూపు ఉంటాదా?"

పక్కన పడిన పేరు బోగోలు అమ్మాయి పక్కన కూర్చునే పిల్లది. ఆ పిల్ల ఫోను బల్ల కింద దాచేస్తూంది. బావగారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపుమీద ఉన్నట్టుంటుంది. కమిటీ పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని, "ఎవరమ్మా రాసింది?" అని అడిగింది.

మూల బెంచీలో సముద్రపు ఒడ్డు పిల్ల లేచి నిలబడింది.

"నేను మేడం. ఫోను ఆమెది, మాట నాది."

గోడవైపు చెయ్యి చూపించింది. "ముందర ఇది ఉండె. మేం అడిగేవోళ్లం. తీసేసినారు. ఈ రోజు మీరొచ్చినారని పెట్టినారు. రేపు ఉంటాదా అని అడగతా ఉండాను."

ముందు బెంచీలో ఒక్కడు కూడా నవ్వలేదు. గోడమీద అక్షరాలు మళ్లీ కదిలాయి. "ఉంటాదా?" అని దొరవారిసత్రం కుర్రవాడు రాశాడు. "ఉంటుందా మేడం?" అని ఇంకొకరు. "ఉంటాదా?" "ఉంటుందా సార్?" గోడ నిండిపోయి, పైవి పైకి పోతూ, కొత్తవి కిందనుంచి వస్తూ ఉన్నాయి. బావగారు నవ్వు ముఖం పెట్టి, "ఎందుకుండదమ్మా, ఉంటుంది" అన్నారు. పెద్దావిడ తన కాగితంమీద ఏదో రాసుకుంది.

కమిటీ కారు గేటు దాటగానే పిలుపు వచ్చింది. ఈసారి కుర్చీ చూపించలేదు.

"కాలేజీ పరువు గోడమీద రాయించినావు" అన్నారు.

"ఉంటుందని అందరి ముందరా మీరే చెప్పినారు గదా సార్."

"వచ్చినోళ్ల ముందర ఎన్నో చెప్తాం."

గ్రూపు మూతపడింది. నా క్లాసులు కొత్తగా వచ్చిన కుర్ర లెక్చరరుకిచ్చి, నన్ను హాల్‌టికెట్లు సర్దే గదిలో కూర్చోబెట్టారు. ఆ విద్యా సంవత్సరం ముగియగానే నేను రాజీనామా ఇచ్చాను. అన్నయ్యతో మనకెందుకులే అన్న మా ఆయనతో కొంతకాలం మాట్లాడలేదు, తర్వాత మాట్లాడక తప్పలేదు, ఒకే ఇల్లు గదా. బావగారింట్లో మాత్రం ఆనాటినుంచి నేను మంచినీళ్లు ముట్టలేదు. పగవాళ్లను ప్రేమించమని పాస్టరుగారు చెబుతూనే ఉంటారు, నేను వింటూనే ఉంటాను, ముందు వరసలో ఆ తెల్లచొక్కా మెడను చూస్తూ. ప్రేమ మాత్రం రాలేదు.

ఇప్పుడు ఆ కాలేజీలో ఫోను లేకపోతే గేటు లోపలికి రానివ్వరట. హాజరు ఫోనులో, ఫీజు ఫోనులో, నోటీసు ఫోనులో, క్లాసుకొక గ్రూపు. నిషేధించిన చేతులతోనే తప్పనిసరి చేశారు. అయితే వాటిలో రాసే హక్కు ఆఫీసువాళ్లకే ఉంటుందట, పిల్లలు చదవడంవరకే. రాద్దామని వేలు పెడితే చోటే ఉండదట. మనకాలంలో నోరు మూసుకో అని అరిచేవారు, కనీసం ఆ అరుపుకు ఒక ముఖం ఉండేది. ఇప్పుడు అరవనవసరం కూడా లేకుండా పోయింది.

ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి తడ వైపు ఏదో ఫ్యాక్టరీలో పనిచేస్తూంది. ఇప్పుడు రాయదు, ఫోనులో మాట్లాడి, ఆ రికార్డు నాకు పంపిస్తుంది. పని దిగి బస్సులో వస్తూ, వెనకాల ఇంజను మోతలో, తన యాసలో, "వింటా ఉండారా మేడం?" అని మొదలుపెడుతుంది. మొన్న సెలవురోజున స్నేహితురాళ్లతో పులికాట్ వైపు పోయిందట. అక్కడ సముద్రం దాటి వచ్చి చచ్చిపోయిన తెల్లవాళ్ల పాత సమాధులు చూసిందట. "అంత దూరం వచ్చి చచ్చిపోతే, వాళ్ల ఇంట్లోవాళ్లకు కబురు ఎవురు చెప్పినారు మేడం? చెప్పేదాకా వాళ్లు బతికుండారనే అనుకుంటా ఉంటారా?" అని అడిగింది.

వంటింట్లో నిలబడి ఆ మాట రెండోసారి విన్నాను. క్లాసుకు గట్టిగా వినిపించాలని, ఎవరు ఏం రాస్తారో చూడాలని, పాత అలవాటున తల ఎత్తాను. ఎదురుగా ఉతికి ఆరేసిన బట్టలు, పక్కింటి గోడ. బెంచీలు లేవు.